తెల్లవాఱితే మంగళవారము

"సోమవారము రాత్రి రెండు గంటలకు బయలుదేరు బండి" అని మనమందుము. ఆ బండినే ఆంగ్లేయుడు మంగళవారపు బండి యనును; "టూ ఇన్ ది మార్నింగ్" అనును. బండి యొకటే, గడియారపు ముల్లొకటే, బయట చీకటియు నొకటే. అయినను ఒకరి లెక్కకు అది సోమవారము, వేఱొకరి లెక్కకు మంగళవారము. ఒకరికి రాత్రి, వేఱొకరికి ఉదయము. ఇరువురిలో నెవరును అసత్యమాడుట లేదు. కాని "ఇన్ ది మార్నింగ్" అను ఆ చిన్న పదబంధమును "ఉదయమున" అని తెలిగించి యూరకున్నవాడు, మంగళవారమంతయు ఇంట గడపి, ఆ రాత్రి మూటముల్లెలతో స్టేషను చేరి, తన బండి నిన్ననే వెడలిపోయినదని వినును.

గుంతకల్లు నుండి బెంగుళూరునకు బోవు రైలుదారిపై ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరుసగా వచ్చు మూడూళ్లు. మొదటిది పట్టుమగ్గముల యూరు, రెండవది కోటయూరు, మూడవది సంతయూరు. 1882లో బళ్లారి నుండి వేఱుపడిన అనంతపురము జిల్లాలో ఈ మూడును చిరకాలముండి, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ యూళ్లకు ఆ పదబంధము వ్యాకరణగ్రంథముల మూలమున రాలేదు. రైలు పట్టాల మీద వచ్చినది. వచ్చి, మన దినము ఎక్కడ మొదలగునో ఆ మొదలునే కదలించినది. ఆ కథ కొంత చెప్పుకొనదగినది.

ముందుగా ఆ పదబంధపు నడవడి చూతము. ఆంగ్లమున ఉదయమునకు, అపరాహ్ణమునకు, సాయంకాలమునకు ముందు "ఇన్ ది" అని చేర్తురు. నడిపగటికి, నడిరేయికి "ఎట్" అని చేర్తురు. మొదటి మూడును విస్తరించియున్న కాలములు, కడపటి రెండును సూదిమొనవంటి క్షణములు; కావున ఈ భేదము న్యాయముగనే యున్నది. కాని రాత్రి విస్తరించిన కాలము గాదా? దానికి మాత్రము "ఎట్ నైట్" అనుటయే వాడుక. పని లేని కాలమంతయు వారి పూర్వులకు ఒక ముద్దవలె తోచియుండునని నా యూహ. నడుమ మెలకువ వచ్చి యేదేని జరిగెనన్నప్పుడు మరల "ఇన్ ది నైట్" అందురు; మేలుకొన్నవానికి రాత్రి పొడవు తెలియును గదా! వారము పేరు తోడైనచో ఈ రెండును తొలగి "ఆన్ మండే మార్నింగ్" అని మూడవది వచ్చును.

ఇక మన విద్యార్థులు తఱచుగా వ్రాయునది "టుడే మార్నింగ్", "యెస్టర్‌డే నైట్". ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి "దిస్ మార్నింగ్", "లాస్ట్ నైట్" అని పైన వ్రాయును. ఎందుకో చెప్పడు. తెలుగున "ఈ దినము ఉదయము", "నిన్న రాత్రి" అని దినము పేరు ముందు చెప్పి, దానిలోని భాగమును తరువాత చెప్పుట మన పద్ధతి. మనకు రాత్రి ఆ దినమునకే చెందిన తుదిభాగము. ఆంగ్లేయునికి గడచిన రాత్రి "నిన్న" అను దినమునకు కట్టుబడి యుండదు. దానిలో సగము నిన్నటిది, సగము నేటిది. కావుననే "కడచిన రాత్రి" అని దాని నొంటిగా పిలుచును. పిల్లవాడు చేసిన తప్పు కేవలము మాటల తప్పు గాదు. అది రెండు దినగణనముల నడుమ జాఱిపడుట. ఈ సంగతి యొక్క నిమిషము చెప్పినచో వాడు మరల ఆ తప్పు చేయడు.

చిత్రమేమన, మొదట ఈ రెండు భాషలును ఈ విషయమున ఒక్కదారినే నడచినవి. మన "రేపు" అను మాటకు ప్రాచీనార్థము ప్రాతఃకాలము. "రేపకడ" యన తెల్లవాఱువేళ. "రేపుమాపు" లన ఉదయసాయంకాలములు. పండుకొన్నవానికి రాబోవు ఉదయమే రాబోవు దినము గావున, ఆ మాటయే మఱునాటికి పేరయ్యెను. ఆంగ్లమున "మారో" అను పాతమాటకు ఉదయమనియే యర్థము. దానినుండియే "మార్నింగ్" పుట్టినది, దానినుండియే "టుమారో" పుట్టినది. జర్మను భాషలో "మోర్గెన్" అను నొక్కమాట నేటికిని రెండర్థములను మోయుచున్నది. వేల క్రోశుల యెడమున, ఒకరి నొకరెఱుగని జనులు, తెల్లవాఱుటయే క్రొత్తదినమని యొక్కతీరున దలచిరి. రాయలసీమ యిండ్లలో నేటికిని "ఈపొద్దు" అన ఈ దినము. పొద్దన సూర్యుడు, ఈ సూర్యుడే ఈ దినము. ఇంతకంటె సూటియైన కాలగణన మెక్కడనున్నది?

"గంట" కథయు నిట్టిదే. గంట యనగా మ్రోగెడి వస్తువు. అది కొట్టుటవలన దెలియు కాలమునకును అదే పేరు వచ్చినది. ఆంగ్లేయుని "క్లాక్" సైతము గంటయే; మధ్యయుగపు లాటినున "క్లొక్క" యన గంట. "ఓక్లాక్" అనునది "ఆఫ్ ది క్లాక్" అనుదాని సంక్షేపము. ప్రార్థనవేళలను దెలుప మఠములలో గంటలు మ్రోగించెడివారు. ఆ ప్రార్థనలలో సూర్యోదయము మొదలు తొమ్మిదవ గంటకు జరుగునది "నోన". మన లెక్కకు అది పగలు మూడు గంటలు. ఆ మాట క్రమముగా ముందునకు జరిగి జరిగి పండ్రెండు గంటలకు వచ్చి నిలిచి "నూన్" అయ్యెను. పేరు తొమ్మిదిది, స్థానము పండ్రెండుది. తమ మాటలు శాస్త్రీయములనియు మనవి మోటవనియు దలచువారు దీనిని కొంచె మాలోచింపవలయును.

మనకు గడియారము లేకుండెనని కొందఱు చదువుకొన్నవారు గూడ నందురు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై నుంచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలము గడియ, అనగా 24 నిమిషములు. 60 గడియలొక యహోరాత్రము. రెండున్నర గడియలొక గంట. ఏడున్నర గడియలొక జాము. దేవాలయములందును, కోటలందును, రాజద్వారములందును ఈ గిన్నెను కనిపెట్టి గంట కొట్టుటకు మనుష్యులుండెడివారు. సామాన్యులకు ఆ గిన్నెతో పనిలేదు. వారికి తొలికోడికూత, వేగుచుక్క, పొద్దుపొడుపు, బారెడు పొద్దెక్కుట, నడిపొద్దు, ఆవులు మఱలు వేళ, దీపాలవేళ, మాటుమణిగిన వేళ యుండెను. ధర్మవరపు నేతగాడు గుంటమగ్గములో దిగుట వెలుతురు నాశ్రయించినది. కూలి కట్టుట చీరను లెక్కించి గాని గంటలను లెక్కించి గాదు. హిందూపురపు సంతకు బెల్లము, చింతపండు తెచ్చు బండివాడు చుక్కను జూచి యెద్దులను కట్టెను. ఈ లెక్కలు నిమిషములకు చాలవు, నిజమే. కాని నిమిషములతో వారికి పనియేమి యుండెను?

హిందూపురమునకు దాపుననున్న లేపాక్షి వీరభద్రాలయమును పదునాఱవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండ నధికారముననున్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మించిరి. అట్టి గుళ్లలోని శాసనములు కాలమును జెప్పుతీరు చూడుడు: శకవర్షము, సంవత్సరనామము, మాసము, పక్షము, తిథి, వారము. గ్రహణమో సంక్రాంతియో యైనచో ఆ పుణ్యకాలమును జెప్పుదురు. గంట చెప్పరు. దానము చేసినది ఏ దినమో తెలిసిన చాలును. ఆ దినము సూర్యోదయమున మొదలగునని చదువువానికి వేఱుగ జెప్ప నక్కఱలేదు.

అయితే ఆ దినము అందఱకును సూర్యోదయముననే మొదలయ్యెనని చెప్పరాదు. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగరపు రాజపీఠము పెనుకొండకు వచ్చినది. ఆ కోటయూరిలో హిందూ జైన దేవాలయములున్నవి, బాబా ఫకృద్దీను దర్గా యున్నది. దానిని జనులు బాబయ్య దర్గా యందురు. మహమ్మదీయులకు దినము సూర్యాస్తమయమున మొదలగును. గురువారమును ఉర్దూలో "జుమేరాత్" అందురు. జుమ్మా యన శుక్రవారము. జుమేరాత్ అన శుక్రవారపు రాత్రి! మనకు గురువారము రాత్రియైనది వారికి అప్పుడే శుక్రవారములో చేరినది. క్రైస్తవులు "క్రిస్మస్ ఈవ్" అని ముందునాటి సాయంకాలమును పండుగలో చేర్చుటకును మూలమిదే. యూదుల యాచారమునుండి వచ్చిన సాయంకాలారంభము. నడిరేయి దినమును మార్చుట రోమనుల చట్టము. ఇక జ్యోతిశ్శాస్త్రజ్ఞులో, ఒకే రాత్రి చేసిన పరిశీలనకు రెండు తేదులు పడకుండుటకై మధ్యాహ్నమున దినమును మొదలు పెట్టి, 1925 వఱకు అట్లే నడిపిరి. పెనుకొండ వీథిలో నొక్క పొరుగువారి నడుమ సూర్యోదయపు దినమును, సూర్యాస్తమయపు దినమును కలహము లేక శతాబ్దములు కలసి బ్రదికినవి. ఎవరి పండుగ వారి లెక్కకు జరిగినది. రెండు లెక్కలను ఒకే కాగితము మీద వ్రాయవలసిన పని యప్పటికి రాలేదు.

ఆ పని రైలు తెచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది తుది దశకమున దక్షిణ మరాఠా రైల్వే కంపెనీవారి మీటరు గేజి దారి ఈ మూడూళ్ల మీదుగా పోయినది. పాకాల, కదిరుల నుండి వచ్చిన దక్షిణ ఇండియా రైల్వే ధర్మవరమున దానిని కలిసినది. రెండు కంపెనీల బండ్లు ఒక్కచోట గూడవలెనన్న, రెండింటికిని గడియార మొక్కటి కావలయును. ఆ గడియారము మద్రాసుది. మద్రాసు నక్షత్రశాల 1792లో నేర్పడినది. 1802లో గోల్డింగ్‌హామ్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు మద్రాసు కాలము గ్రీనిచ్ కాలముకంటె 5 గంటల 21 నిమిషములు ముందున్నదని నిర్ణయించెను. రైలుబండ్లు ఆ కాలమును ఊరూరికి మోసికొనిపోయినవి. ఇంగ్లాండులో సైతము ఇదియే జరిగినది. అచ్చట 1840లో గ్రేట్ వెస్టరన్ రైల్వే లండను కాలమును పట్టుకొనువఱకు ప్రతి పట్టణమునకును తన మధ్యాహ్నము తనకుండెను; దేశమంతటికి నొక్క కాలమని చట్టము వచ్చుటకు 1880 కావలసివచ్చెను.

1906 జనవరి 1 నుండి మన దేశమునకు 82½ డిగ్రీల రేఖాంశపు కాలము ప్రమాణమయ్యెను. గడియారములను మద్రాసు కాలము నుండి తొమ్మిది నిమిషములు ముందునకు ద్రిప్పిరి. కలకత్తా 1948 వఱకును బొంబాయి 1955 వఱకును తమ తమ స్వంతకాలములను వదలలేదు. మన రైలుదారికి ఆ హఠము లేదు. స్టేషను మాస్టరు త్రిప్పిన ముల్లే కాలము. ఈ ప్రమాణరేఖ తెలుగుదేశమున కాకినాడ దాపుగా బోవుచున్నది. కావున కాకినాడవారికి గడియారపు పండ్రెండును, నడినెత్తిమీది సూర్యుడును సగటున నొక నిమిషపు తేడాతో గలియును. హిందూపురము 77½ డిగ్రీల మీద నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున ఐదు డిగ్రీలకు ఇరువది నిమిషములు. అనగా గడియారము పండ్రెండు కొట్టునప్పటికి హిందూపురమున సూర్యుడింకను తూర్పుననే యున్నాడు. సగటున 12 గంటల 20 నిమిషములకు గాని నడిమింటికి రాడు. ధర్మవరమున నొక్క నిమిషము ముందు.

ఇచ్చట నొక వినోదము. రాహుకాలము సోమవారము ఏడున్నర మొదలు తొమ్మిది వఱకు అని క్యాలెండరులలో నచ్చుపడును. అది సూర్యోదయము సరిగా ఆఱింటికని యూహించి పగటిని ఎనిమిది భాగములు చేసిన లెక్క. ఋతువునుబట్టి సూర్యోదయము మాఱును; హిందూపురమున ఇరువది నిమిషముల తేడాయు దానికి తోడు. అయినను మన గృహస్థులు చేతిగడియారము చూచి ఏడున్నరకు గడప దాటుట మానుదురు, తొమ్మిదికి నిర్భయముగా బయలుదేరుదురు. రాహువు సైతము రైల్వే కాలమును పాటించునని వీరి విశ్వాసము కాబోలు!

నిమిషములు మాఱిన కష్టము స్వల్పమే. జనులు స్టేషనునకు గంటకు ముందే పోయి కూర్చుండి దానిని తీర్చుకొనిరి. దినము మాఱినచో కూర్చుండుటచే దీఱదు. రైల్వేవారి పట్టికలో నడిరేయి మొదలు నడిపగలు వఱకు "ఏ.ఎం.", తరువాత "పి.ఎం.", లాటినున "మధ్యాహ్నమునకు ముందు", "మధ్యాహ్నమునకు తరువాత" అని వీని యర్థము. నోటిమాటలో "ఏ.ఎం." అనుదానికి బదులు "ఇన్ ది మార్నింగ్". ఇట్లు ఉదయమను మాట వెలుతురును విడిచి వెనుకకు నడచి, చిమ్మచీకటిలో నడిరేయి వఱకు పోయి కూర్చున్నది. తెలుగు అట్లు పోలేదు. మనకు ఒంటిగంట, రెండు గంటలు రాత్రియే. మూడు మొదలు ఐదు వఱకు తెల్లవాఱుజాము. తరువాత గాని ఉదయము గాదు. చీకటిని ఉదయమనుటకు తెలుగువాని నోరాడదు.

ఇండ్లలో దీని వలన గలిగిన చిక్కు బండి తప్పుటతో ముగియలేదు. మద్రాసు రాష్ట్రమున జననమరణముల నమోదు చట్టము 1899లో వచ్చినది. గ్రామాధికారి పుస్తకమున తేదీ వ్రాయవలయును. ఆడుబిడ్డ "సోమవారము రాత్రి మూడు గంటలకు" పుట్టినదని తాత చెప్పును. జాతకమున సోమవారమే యుండును, సూర్యోదయము కాలేదు గనుక. పుస్తకమున సోమవారపు తేదీ పడినచో చట్టము లెక్కకు బిడ్డ ఒక దినము ముందే పుట్టినట్లు. ఒక్క దినమే గదా యందురా? 1929లో శారదా చట్టము వచ్చి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైనది. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరమైనది. ఆనాటి నుండి బాలిక వయస్సు తాతగారి జ్ఞాపకమునకు గాక తేదీకి కట్టుబడినది. నేడు ఆ వయస్సు పదునెనిమిది. జాతకమున తిథి, నక్షత్రము, లగ్నము విగడియలతో సహా యుండును. ఇంగ్లీషు తేదీ యుండదు. బడిలో చేర్చునాడు తండ్రి "ఉగాది ముందు పుట్టినాడు" అనిన, పంతులు జూన్ 1 అనియో జులై 1 అనియో వ్రాసికొనెను. ఎంతమంది తెలుగువారు ఆ రెండు తేదులలో పుట్టినట్లు కాగితములలో నున్నారో! గడియ తప్పక వ్రాసిపెట్టిన జాతి తేదీ లేక పోవుట ఎంత వింత! బాలిక విషయమున ఈ లోపము వింతతో పోలేదు. రుజువు లేని వయస్సు పెద్దలు చెప్పినంత వయస్సయ్యెను, చట్టము గడప బయటనే నిలిచిపోయెను. బిడ్డ పుట్టిన గంటను, తేదీని ఇంటివారే యొక పుస్తకమున వ్రాసియుంచుట అలవాటైన యిండ్లలో మాత్రము ఈ సందేహము రాలేదు. అట్టి పుస్తకము నుంచినవారు తఱచుగా చదువుకొన్న తల్లులే.

దేశమునకే యిట్టి చిక్కు వచ్చినది. 1947 ఆగస్టు 14, గురువారము రాత్రి పదునొకండు గంటలకు ఢిల్లీలో రాజ్యాంగసభ కూడినది. నడిరేయి కొట్టగనే స్వాతంత్ర్యము వచ్చినది. రోమను లెక్కకు అది శుక్రవారము, 15వ తేదీ. పెనుకొండ మహమ్మదీయునకు అప్పటికే సూర్యాస్తమయము నుండి శుక్రవారము. పంచాంగము చూచువారికి ఇంకను గురువారమే. ఆ రాత్రిని ఒకరు పదునాలుగనిన, ఒకరు పదునైదనిన, ఇంకొకరు వేఱొకటనిన, మువ్వురును నిజమే చెప్పినట్లు.

ఇంతకును ఈ రెండు లెక్కలకు నడుమ వంతెన తెలుగువారు ఎన్నడో కట్టిరి. దానిని పండితులు గాక పెండ్లిపత్రికలు వ్రాయువారు కట్టిరి. ముహూర్తము రాత్రి రెండున్నర గంటలకున్నచో "సోమవారము రాత్రి 2-30 గంటలకు, తెల్లవాఱితే మంగళవారము" అని వ్రాయుదురు. చుట్టములు ఏ రాత్రి రావలెనో మొదటి మాట చెప్పును. ఆ రాత్రి ఏ దినమున తెల్లవాఱునో రెండవ మాట చెప్పును. చదువురాని ముసలమ్మకు చదివి వినిపించినను పొరబడదు. "టూ ఇన్ ది మార్నింగ్" అని వ్రాసిన యింగ్లీషు పత్రికకు ఈ స్పష్టత లేదు. మన బడులలో ఆ పదబంధమును నేర్పునప్పుడు, "ఉదయమున" అను నొక్క మాటతో సరిపుచ్చక, ఒంటిగంట, రెండు గంటల యెడ "రాత్రి, తెల్లవాఱితే ఫలానావారము" అని తెలిగింపుమని చెప్పినచో ఎంతయో మేలుగ నుండెను. అనువాదమన మాటకు మాట యనుకొను పద్ధతి దీనిని మూసివేసినది. దినపత్రికలవారు కొంతవఱకు మేల్కొని "సోమవారము అర్ధరాత్రి దాటిన తరువాత" అని వ్రాయుచున్నారు.

రైల్వేవారును "ఏ.ఎం.", "పి.ఎం."లను విడిచి ఇరువదినాలుగు గంటల లెక్కను పట్టుకొనిరి. పట్టికనుండి "మార్నింగ్" పోయినది. నడిరేయి మాత్రము పోలేదు. మీటరు గేజి పోయి పెద్దగేజి వచ్చిన ఈ దారిని నేడు రాత్రివేళ నడచు బండ్లు పెక్కులు. టికెట్టు మీద మంగళవారపు తేదీయు 00-20 అను సంఖ్యయు నున్నచో, సోమవారము రాత్రి భోజనము చేసి బయలుదేరవలయును. హిందూపురమున విచారణ గవాక్షమువద్ద ఎవరైన ఆ సంఖ్యను చూపి యడిగినప్పుడు, లోపలివాడు తేదీ చదువడు. "సోమారము రేత్రికే రావల్ల, తెల్లారితే మంగళారం" అని చెప్పును.